నిప్పుకు పేరుండదు

జరగుండ్రి బిడ్డా, పొగ మీ దిక్కే మళ్లింది. పత్తికట్టె సంగతి గింతే. భగ్గుమని లేస్తది, పావుగంటకు బూడిదైతది. ఆ టేకు మొద్దును జర లోపలికి నూకు. ఆఁ, ఇగ తెల్లారేదాక ఉంటది. పుష్యమాసం చలి ఇది. జైనూర్ గుట్టల నడుమ ఈ నెలల నెగడు లేకుంట ముచ్చట సాగదు.

నా చిన్నప్పుడు మా ఇంట్ల అగ్గిపెట్టె ఉండేది గని మా అవ్వ దాన్ని దేవుని గూట్లె దాచేది. పొయ్యి ఆరితె పక్కింటికి ఉరికి నిప్పు తేవాలె. పిడక ముక్క మీద ఒక నిప్పుకణిక పెట్టుకొని, గాలికి ఆరకుంట చెయ్యి అడ్డం పెట్టుకొని, అరచెయ్యి కాలుతుంటె ఊదుకుంట వచ్చేటోణ్ని. ఒకనాడు అడిగిన: "అవ్వా, జొన్నలు చేబదులు తెస్తె మల్ల ఇస్తం గద, నిప్పు ఎప్పుడిస్తం?" అవ్వ నవ్వింది. "నిప్పు ఇచ్చినోళ్లకు తగ్గలేదురా, ఏమిస్తవు?" అన్నది. నేను ఊకుంటనా? "జొన్నలన్న వాళ్లయి వాళ్లకే ఇస్తున్నమా మరి?" అన్న. "వాళ్లయి మనం తినలేదార? శేరుకు శేరు ఇస్తం. జొన్నగింజకు పేరుంటదా?" అన్నది.

గా మాట నాకు ఇరవై ఏండ్ల తర్వాత పనికొచ్చింది. ఎట్లనో చెప్త, తొందరపడకుండ్రి.

నాకు లెక్కలు నేర్పిన మొదటి పంతులు మన మార్లవాయిల తర్ఫీదైనోడు. 1940ల జోడేఘాట్ కాడ కుమ్రం భీంను కాల్చి చంపినంక, గోండుల గోస ఏందో తెలుసుకోమని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ దొరను పిలిచింది. ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయిల గుడిసె ఏసుకొని ఉన్నరు. 1943ల అక్కడ్నే పంతుళ్లకు తర్ఫీదు మొదలైంది. గోండి వాచకాలు నాగరి అక్షరాలల్ల అచ్చైనయి. మా పంతులు కాడ పలకలు తక్కువ, చింతగింజలు ఎక్కువ. కూడిక, తీసివేత అన్ని గింజలతోనే. "ముందు ఎంచుడు నేర్వుండ్రి, అంకెలు వాటంతట అవే వస్తయి" అనేటోడు.

ఏమన్నవు బిడ్డా? మొద్దు ఎర్రగనే ఎందుకున్నది అంటవా? అడుగాల్సిందే అడిగినవు. ఆ ప్రశ్నతోనే మొత్తం భౌతికశాస్త్రం తలకిందులైంది.

మన కమ్మరి కొలిమి కాడ థర్మామీటర్ ఉంటదా? ఇనుము రంగు చూసి సుత్తె ఎత్తుతడు. ముదురెరుపు ఉంటె 600, 700 డిగ్రీలు. నారింజకు తిరిగితె 900 దాటినట్టు. ఇనుమైనా, బొగ్గైనా, కుండపెంకైనా, వేడి ఒక్కటైతె వచ్చే రంగు ఇంచుమించు ఒక్కటే. అయితె పాత లెక్క ఏం చెప్పేదంటె, పొయ్యిల వేడి అన్ని తీర్ల వెలుగులకు సమానంగ పంపకం కావాలె. ఊదా రంగు దాటినంక కంటికి కనపడని వెలుగులు ఉన్నయి, వాటికి అంతు లేదు. అందరికి సమానంగ పంచుకుంట పోతె వేడంత అటే గుంజుకపోవాలె. పొయ్యి ముంగట కూసున్నోళ్లు మాడి మసైపోవాలె. మన అవ్వలు వేల ఏండ్ల సంది పొయ్యి ముంగటే కూసున్నరు, ఎవ్వలు మసి కాలేదు. అంటె తప్పు పొయ్యిది కాదు, లెక్కది.

1900ల డిసెంబర్ 14 నాడు బెర్లిన్‌ల మాక్స్ ప్లాంక్ అనే పంతులు ఆ తప్పు దిద్దిండు. వేడి వెలుగుగ మారేటప్పుడు ధార లెక్క పారదు, పొట్లాలు పొట్లాలుగనే పోతది అన్నడు. రంగును బట్టి పొట్లం సైజు. ఊదా పొట్లం ఎర్ర పొట్లానికి దగ్గర దగ్గర రెట్టింపు. ఇగ సంతకు పోదాం. ఒకడు పావుశేరు పొట్లాలు అమ్ముతుండు, ఇంకొకడు బస్తా తప్ప విప్పడు. జేబుల పది రూపాయలున్నోడు ఎవని కాడికి పోతడు? ఈ మొద్దు గరీబుది, ఎర్ర పొట్లాలే కొనగలుగుతది. సూర్యుడు షావుకారు, పైపొరల్నే 5,500 డిగ్రీలు ఉంటది, అన్ని రంగులు కొంటడు. ఒక్క పొట్లంల ఎంతుంటదో చెప్పే అంకెను ప్లాంక్ స్థిరాంకం అంటరు. దశాంశ బిందువు తర్వాత 33 సున్నాలు పెట్టి, అప్పుడు 6626 రాయాలె. గంత చిన్నది గనుకనే మనకు వెలుగు ధార లెక్క కొడుతది.

ప్లాంక్ గూడ ఒక చేబదులు తెచ్చుకున్నడు. ఎంచే తీరును వియన్నా బోల్ట్స్‌మన్ కాడ తెచ్చుకున్నడు. ఆ ఎంచుడు ఏందంటె, అగో పైకి పోతున్న పొగను చూడు. అది మల్ల వచ్చి మొద్దుల ఎందుకు దూరదు? రావద్దని ఏ చట్టం లేదు. కని పొగ చెదిరి ఉండే తీర్లు కోటానుకోట్లు, మొద్దుల ఒదిగి ఉండే తీర్లు పిడికెడు. ఎక్కువ తీర్లున్న దిక్కే లోకం నడుస్తది. ఆ సూత్రాన్నే వియన్నాల ఆయన సమాధి రాయి మీద చెక్కిండ్రు. ప్లాంక్‌కు మొదట్ల ఈ ఎంచుడు నచ్చకపోయేది. దిక్కుతోచక ఆ పని చేసిన అని ముప్పై ఏండ్ల తర్వాత ఒక జాబుల ఒప్పుకున్నడు.

చిన్నోడా, ఆ ఓమనగుంటల పీట తే. రెండు చింతగింజలు గూడ. ఇగో రెండు గుంటలు, రెండు గింజలు. ఒక గింజకు సున్నం బొట్టు పెట్టు. ఎన్ని తీర్ల పెట్టొచ్చు? రెండూ ఈ గుంటల, ఒకటి. రెండూ ఆ గుంటల, రెండు. బొట్టుది ఇటు, ఉత్తది అటు, మూడు. బొట్టుది అటు, ఉత్తది ఇటు, నాలుగు. నాలుగు తీర్లు. అండ్ల జంటగ ఉండేటియి రెండు. అంటె సగం మాట్లు జంటగ ఉంటయి.

ఇప్పుడు బొట్టు తుడువు. ఎన్ని? చిన్నోడు మూడంటుండు. నువ్వు నాలుగే అంటున్నవా? బొట్టు లేకున్నా అది వేరే గింజనే గదా అంటవు. గింజల మటుకు నువ్వే గెలిచినవు. కండ్లు మూసుకొని నూరు మాట్లు ఎయ్యి, సుమారు యాభై మాట్లు జంటగ పడుతయి. బొట్టు తుడిచినంత మాత్రాన గింజ తన దారి మార్చుకోదు.

నేను గూడ నీ లెక్కనే చెప్పి పరువు తీసుకున్న. పట్నంల ఎమ్మెస్సీ చదివేటప్పటి ముచ్చట. 1969 తెలంగాణ లొల్లిల తరగతులు ఆగినయి, పరీక్షలు ఎనుకకు జరిగినయి. తీరా పరీక్ష ముంగటికి వచ్చేసరికి సగం మర్సిపోయినం. నోటి పరీక్షల పెద్దాయన అడిగిండు: "రెండు వెలుగు పొట్లాలు, రెండు అరలు. ఎన్ని తీర్లు?" నేను ధీమాగ "నాలుగు సార్" అన్న. ఆయన కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు. "ఏ ఊరు నీది?" అన్నడు. జైనూర్ అన్న. "మీ ఊర్లె అప్పు తెచ్చిన రూపాయికి అదే రూపాయి తిరిగిస్తరా?" అన్నడు. అప్పుడు నా చెవుల అవ్వ మాట మోగింది. జొన్నగింజకు పేరుంటదా! "మూడు సార్" అన్న. పాసైన గని, ఆ సిగ్గు ఇప్పటికి పోలేదు.

ఆ మూడు అని మొదట ఎంచింది మన దేశపోడే. సత్యేంద్రనాథ్ బోస్. 1924ల ఢాకాల పాఠాలు చెప్పేటోడు, ముప్పై ఏండ్ల వయసు. వెలుగు పొట్లాలకు పేర్లు లేవని పట్టుకొని ఎంచితె, ప్లాంక్ సూత్రం తొణకకుంట బెణకకుంట వచ్చింది. జూన్ 4 నాడు ఆ కాయితాన్ని ఐన్‌స్టీన్‌కు పంపిండు. ఐన్‌స్టీన్ తన చేతితోనే జర్మన్‌ల రాసి అచ్చు వేయించిండు. మూడు తీర్లు, మూడూ సమానం. అప్పుడు జంటగ ఉండేది మూడింట రెండు మాట్లు. సగం పోయి మూడింట రెండైంది, చూసిండ్రా? పేరు లేనియి గుంపు గూడేది ఎక్కువ. లేజర్ వెలుగు ఒక్కతీరుగ వచ్చేది ఈ గుణంతోనే. ఐన్‌స్టీన్ ఆ ఎంచుడునే పరమాణువులకు పెట్టి చూసిండు. బాగ సల్లవడితె అన్ని ఒక్కటే తీరుకు దిగుతయి అన్నడు. ఆ మాట నిజమని 1995ల అమెరికాల రుబీడియం పరమాణువుల మీద తేలింది.

అయితె బోస్ లెక్కల ఒక్క ముడి ఉండె. వచ్చిన అంకెను రెండుతోని గుణిస్తె గని సరిపోదు. ఆ రెండు ఎక్కడిది? పొట్లం తనసుట్టు తను తిరుగుతది, కుడికో ఎడమకో, గందుకే రెండు, అని బోస్ మనసుల ఉండె. అచ్చైన పత్రంల ఆ మాట లేదు. ఐన్‌స్టీనే కొట్టేసిండని బోస్ తర్వాత చెప్పిండంటరు.

ఆ ముడి విప్పిన చేతులల్ల ఒకటి మన తెలుగోడిది. సూరి భగవంతం. 1909ల కృష్ణా జిల్లా ఆగిరిపల్లిల పుట్టిండు. హైదరాబాద్ నిజాం కాలేజీల బీయెస్సీ చదివి, 1928ల కలకత్తల రామన్ కాడికి పోయిండు. రామన్ ఎఫెక్ట్ దొరికిన ఏడే అది. 1931ల గురువూ శిష్యుడూ కలిసి, అణువులకు తగిలి చెదిరిన వెలుగును పట్టి, అది ఎంత మటుకు తన తీరు తప్పిందో కొలిచిండ్రు. వెలుగు పొట్లానికి తిరుగుడు ఉన్నదనే దానికి ప్రయోగంల రుజువు దొరికిందని పత్రం రాసిండ్రు. బోస్ మనసులున్న మాటను ఆయన తమకు సొంతంగ చెప్పిండని ఆ పత్రంలనే పెట్టిండ్రు. ఒకరి నోటి మాట, ఇంకొకరి కొలత. ప్లాంక్ "దిక్కుతోచక" అని జాబు రాసింది గూడ ఆ ఏడే, 1931.

అప్పటికి భగవంతం వయసు ఇరవై రెండు గూడ దాటలేదు. మన ఆసిఫాబాద్ అడివీ, ఆయన చదివిన నిజాం కాలేజీ, రెండూ ఒక్క రాజ్యంలనే ఉండె. ఆయన వెలుగును కొలుస్తుంటె మా నాయిన ఇక్కడ ఇప్పనూనె దీపం పెట్టుకొని పడుకునేటోడు. భగవంతం తర్వాత వాల్తేరుల పాఠాలు చెప్పిండు. గణితమోడు వెంకటరాయుడుతోని కలిసి గ్రూప్ థియరీ మీద పుస్తకం రాసిండు. 1952 సంది 1957 దాక ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్. ఆ తర్వాత బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టర్. నేను పట్నం పోయేసరికి ఆయన లేడు గని, ఆయన ముచ్చట్లు మెస్సులల్ల బాగ నడిచేటియి.

ఏం బిడ్డా, ఇంక నమ్మకం కుదరలేదా? "పేరు లేదంటె మనకు తెల్వదనా, నిజంగనే లేదనా?" అంటున్నవు. పెద్ద పెద్దోళ్లు ఇంకా కొట్లాడుకునే కాడికి వచ్చినవు. ఒక్కటి చెప్త. 1987ల హాంగ్, ఊ, మాండెల్ అనే ముగ్గురు ఒక అద్దం పెట్టిండ్రు. సగం వెలుగును పోనిస్తది, సగాన్ని మళ్లిస్తది. అటు నుంచి ఒక పొట్లం, ఇటు నుంచి ఒక పొట్లం, ఒక్కతీరుయి, ఒక్క గడియల పంపిండ్రు. గింజలైతె సగం మాట్లు విడివిడిగ పోవాలె. ఇవి విడిపోవుడు ఇంచుమించు మాయమైంది, రెండూ ఒక్కదిక్కే పోయినయి. ఒకదాన్ని జర ఆలస్యంగ పంపితె, అంటె బొట్టు పెట్టినట్టన్న మాట, మల్ల గింజల తీరుకే వచ్చినయి. బొట్టు తుడిస్తె చింతగింజ నడక మారదు, వెలుగు నడక మారుతది. మనకు తెల్వకపోవుడే అయితె నడక ఎందుకు మారాలె? నా మటుకు నేను నిజంగనే పేరు లేదనుకుంట. నువ్వు చదివి నాకు ఎదురు చెప్పు, వింట.

ఇగ లేవుండ్రి, పొద్దుపోయింది. మొద్దు మీద బూడిద కప్పుత ఉండు. మా అవ్వ గిట్లనే కప్పేది, తెల్లారి మల్ల అగ్గిపుల్ల గీయకుంట. పైకి సల్లగ కనపడుతది గని చెయ్యి పెట్టి చూడు, ఇంకా వెలుగు పంపుతనే ఉంటది, మన కంటికి అందని పొట్లాలల్ల. చిన్నోడా, పొద్దుగాల పక్కింటి పెద్దమ్మ నిప్పు అడుగవస్తె కాదనకు. మల్ల ఎప్పుడిస్తవని మాత్రం అడుగకు.