నాంచారమ్మ, రామకొండ

గురజాడ కథలనగానే అందరూ ‘దిద్దుబాటు’ దగ్గర ఆగుతారు. నాకు మాత్రం అదే 1910లో వచ్చిన ‘మీ పేరేమిటి?’ అంటే మక్కువ. ఆ ప్రశ్న మనుషుల్ని అడిగింది కాదు, దేవుళ్ళని అడిగింది. కథలో శైవులకీ వైష్ణవులకీ పంతం వచ్చి, నిప్పుల గుండం దాకా పోతుంది. ఏ దేవుడు గొప్పో తేలాలంటే ఎవరో ఒక మనిషి కాళ్ళు కాలాలన్నమాట.

ఆ గొడవ చదువుతున్నంతసేపూ నా చూపు నాంచారమ్మ మీదే ఉంటుంది. వైష్ణవుల ఇంటి ఇల్లాలు. పంతం పట్టేది మగవాళ్ళు, గుండెలు అరచేతిలో పెట్టుకుని కూర్చునేది ఇలాంటి ఆడవాళ్ళు.

ఆవిడ పేరు కూడా నన్ను వదలదు. తమిళ నాచ్చియారే మన నాంచారి. వైష్ణవుల ఇళ్ళలో మామూలు పేరే. కానీ వినగానే బీబీ నాంచారి గుర్తొస్తుంది. ఢిల్లీ సుల్తాను కూతురు, స్వామిని వలచి వచ్చేసిందని ఐతిహ్యం. వేంకటేశ్వరుడు తమ ఇంటి అల్లుడని ఉగాదినాడు దేవుని కడప గుడికి ముస్లింలు ఇప్పటికీ వస్తారు. ఆ పెళ్ళి జరిగిందో లేదో గానీ, చుట్టరికం మాత్రం ఏటా నడుస్తోంది. గురజాడ ఇదంతా ఉద్దేశించి ఆ పేరు పెట్టాడని అనను. నాకు అలా వినిపిస్తుంది, అంతే.

గురజాడ బతికిన విజయనగరానికి దగ్గరే, నెల్లిమర్ల దాటితే రామతీర్థం. అక్కడ గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి. దుర్గకొండ మీద జైన విగ్రహాలు. కింద రామస్వామి గుడి. 11వ శతాబ్దం మొదట్లో, తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి కాలంలో అక్కడొక శాసనం చెక్కారు. త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైన గురువు భక్తితో ‘రామకొండ’కు మొక్కాడని అందులో ఉంది. జైనుడికి రామకొండేమిటని అప్పుడెవరైనా అడిగారో లేదో. ఆయన మాత్రం మొక్కాడు, రాతి మీద రాయించుకున్నారు.

అదే రామతీర్థంలో, బోడికొండ మీది గుడిలో, 2020 డిసెంబరులో రాముడి విగ్రహం తల నరికేశారు. చేసినవాళ్ళెవరో తేలకముందే, వారం తిరక్కుండానే, పార్టీల నాయకులు కొండకి బారులు తీరారు. గుండం మళ్ళీ రాజుకుంది. నిప్పు తొక్కాల్సింది మాత్రం వాళ్ళు కాదు.

నేను గుళ్ళకి పెద్దగా వెళ్ళే మనిషిని కాను. అయినా ఆ జైన గురువు మొక్కు, కడప ముస్లింల చుట్టరికం నాకు అర్థమవుతాయి. వాళ్ళు ఎవరి మీదా గెలవడానికి దండం పెట్టలేదు. విరిగిన విగ్రహాలు ఎంత చరిత్రో, ఈ దండాలూ అంతే చరిత్ర. మొదటిది అందరం కంఠతా చెబుతాం. రెండోది చదవాలంటే దుర్గకొండ ఎక్కాలి.