ఫ్రిజ్ తలుపు జివ్వుమంటోంది

మే నెల. మధ్యాహ్నం రెండున్నర. కరీంనగర్‌లో మీరు అద్దెకుంటున్న ఇల్లు, పై అంతస్తు. స్లాబు సెగలు కక్కుతోంది. పోయిన కరెంటు ఇప్పుడే వచ్చింది. హాల్లో ఇనుప కూలర్ గుర్రుమంటూ మొదలైంది. చల్లటి నీళ్ల కోసం వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్ తలుపు అంచు పట్టి లాగుతారు.

జివ్వు.

వేళ్ల నుంచి మోచేతి దాకా చీమలు పాకినట్టు. చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చేస్తుంది.

"చెప్పులేసుకొని తియ్యి," హాల్లోంచి అమ్మ కేకేస్తుంది. "ఎండకాలం గట్లనే కొడ్తది."

ఫ్రిజ్ ముందు ఒక జత రబ్బరు చెప్పులు పడి ఉన్నాయి. వాటి పనే అది. ఇంట్లో అందరికీ అలవాటైపోయింది: చెప్పులు తొడుక్కోవడం, తలుపు తీయడం, సీసా అందుకోవడం. మీరూ కాళ్లు దూర్చబోతారు. దూర్చితే నీళ్లు తాగి వెళ్లిపోవచ్చు.

ఈసారి మాత్రం ఫ్రిజ్ మీదున్న టెస్టర్ తీస్తారు. తలుపు బందు దగ్గర పెయింటు లేచిపోయిన స్క్రూకి దాని మొన ఆనించి, వెనక బొటనవేలు పెడతారు. లోపల చిన్న బల్బు నారింజ రంగులో వెలుగుతుంది. సరే, ఫ్రిజ్ పాడైందన్నమాట. గోడ మీద దాని స్విచ్ ఆపేస్తారు. మోటారు ఒకసారి కదిలి ఆగిపోతుంది. మళ్లీ టెస్టర్ పెడతారు.

బల్బు వెలుగుతూనే ఉంది.

స్విచ్ ఆపినా కరెంటెక్కణ్ణుంచి వస్తోంది? ప్లగ్గు వైపు చూడండి. మూడు పిన్నుల్లో పైనున్నది లావుగా, పొడుగ్గా ఉంటుంది. అది ఎర్తు. స్విచ్ తెంపేది ఫేజు తీగను ఒక్కదాన్నే, ఎర్తుకు స్విచ్ ఉండదు. ఫ్రిజ్, గీజరు, వాషింగ్ మెషిన్, కూలర్... అన్నిటి ఇనుప ఒళ్లనీ ఒకే ఆకుపచ్చ తీగ కలుపుకుంటూ కింద నేలలోని ఎర్తు గుంత దాకా పోవాలి. ఏ వస్తువులో కరెంటు కారినా ఆ దారిన భూమిలోకి దిగిపోవాలి. ఆ తీగ కింద ఎక్కడో తెగితే కారిన కరెంటుకు దిగే దారి ఉండదు. అదే తీగ పట్టుకుని అన్ని వస్తువుల మీదికీ పాకుతుంది. ఇక్కడ కొడుతున్నది ఫ్రిజ్. కారుతున్నది మరొకటి.

ఏది? వేసవి కదా, గీజరు వేసి చాలా రోజులైంది. వాషింగ్ మెషిన్ ప్లగ్గు తీసే ఉంది. మీరు తల తిప్పి హాల్లోకి చూస్తారు.

చిన్నోడు కూలర్ వైపు నడుస్తున్నాడు. నాలుగేళ్లు. రెండు చేతుల్తో మగ్గు పట్టుకున్నాడు. నానమ్మ రోజూ కూలర్లో నీళ్లు పోయడం చూశాడు, ఇవాళ తానే పోస్తాడట. ఒంటి మీద చెడ్డీ తప్ప ఏమీ లేదు. కూలర్ కాళ్ల చుట్టూ నీళ్లు మడుగు కట్టాయి.

ఒక పాదం మడుగులో పడింది.

అరవాలా? ఉలిక్కిపడి కూలర్‌నే పట్టుకుంటాడు.

ఉరకాలా? మీకంటే వాడి చెయ్యే ముందు చేరుతుంది. అప్పుడు వాణ్ణి ముట్టుకుంటే మీకూ కొడుతుంది.

కూలర్ స్విచ్? కూలర్ వెనక.

మెయిన్? గుమ్మం పక్కన. మీ ఎడమ చేతికి.

కొట్టండి.

టక్.

ఫ్యాను నెమ్మదిస్తుంది. కూలర్ హోరు సన్నబడి ఆగిపోతుంది. చిన్నోడి తడి అరచెయ్యి ఇనుప జాలీ మీద ఉంది. వాడు మీ వైపు తిరిగి, "కరెంట్ వోయింది," అంటాడు.

ఇప్పుడు వణుకు మొదలవుతుంది. వాణ్ణి చంకనేసుకుని కూర్చుంటారు. లెక్క వద్దన్నా బుర్రలో తిరుగుతుంది. సరఫరా 230 వోల్టులు. తడిసిన ఒంటికి నిరోధం వెయ్యి ఓములకు పడిపోగలదు. అంటే వేరే అడ్డం లేకుండా దూసుకొస్తే 230 మిల్లీ ఆంపియర్లు. పది దాటితేనే కండరాలు బిగుసుకుని పట్టిన చెయ్యి వదల్లేదు. యాభై, వంద దగ్గర గుండె లయ తప్పుతుంది. మరి బోర్డులోని ఎంసీబీ పడిపోదా? 16 ఆంపియర్ల ఎంసీబీకి ఈ కాస్త కరెంటు లెక్కలోకే రాదు. అది ఉన్నది తీగలు కాలిపోకుండా. మనుషుల కోసం కాదు.

వాడు అప్పటికే అతుక్కుపోయి ఉంటే? అప్పుడూ ముందు మెయినే. అది అందకపోతే పొడి కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో నెట్టాలి. ఊపిరి లేకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టి, పక్కవాళ్లతో 108కి ఫోన్ చేయించాలి.

సాయంత్రం ఎలక్ట్రీషియన్ వస్తాడు. కూలర్ వెనక తలుపు తీసి టార్చి వేస్తాడు. పంపు తీగకు ఎప్పుడో వేసిన అతుకు, దాని మీది టేపు ఊడి నీళ్లపై వేలాడుతోంది. "ఇగో దొంగ," అంటాడు. తర్వాత కిందికి దిగి ఎర్తు గుంత కోసం వెతుకుతాడు. పార్కింగులో టైల్స్ వేసినప్పుడు కప్పేశారు. ఒక టైల్ పెకలిస్తే జీఐ పైపు బయటపడుతుంది. దాని క్లిప్పు తుప్పు పట్టి తీగను వదిలేసింది. చుట్టూ మట్టి సున్నంలా ఎండిపోయింది. తీగ ఉన్నా ఆ మట్టిలోకి కరెంటు సరిగ్గా దిగదు. అందుకే గుంతలో బొగ్గు, ఉప్పు వేసి ఎండల్లో నీళ్లు పోస్తుంటారు. మనం కూలర్లు బయటికి తీసేదీ, ఆ గుంత ఎండేదీ ఒకే కాలంలో!

ఓనరుకు ఫోన్ చేస్తారు. "గుంత గింత ఎందుకు, ఎర్తును న్యూట్రల్‌కు కలపమనుండ్రి, అయిపోతది," అంటాడాయన స్పీకర్లో. ఖర్చుండదు. పది నిమిషాల పని. ఎలక్ట్రీషియన్ స్క్రూడ్రైవర్ పట్టుకుని మీ మొహం చూస్తాడు.

"కలిపితే ఏమైతది?" అడుగుతారు మీరు.

"స్తంభం కాడ న్యూట్రల్ తెగిందంటే, ఇంట్ల ఒక్క లైటు వేసినా ఫేజు అన్ని బాడీల మీదికొస్తది. నేనైతే చెయ్య."

ఖర్చు అద్దెలో తగ్గించుకుంటామని ఓనరుకు చెప్పి ఫోన్ పెట్టేస్తారు. కొత్త క్లిప్పు, కొత్త తీగ, గుంతలో బొగ్గూ ఉప్పూ, రెండు బిందెల నీళ్లు. పైన బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ బిగిస్తాడు. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా లేవంటే రెప్పపాటులో తెంపేసేది అదే. దాని మీద టీ అని రాసిన బటన్ నొక్కుతాడు. ఇల్లంతా ఆరిపోతుంది. "నెలకోపాలి గిట్ల ఒత్తి చూసుకోండ్రి."

మళ్లీ లేపుతాడు. మీరు ఉత్త కాళ్లతో ఫ్రిజ్ తలుపుకు టెస్టర్ పెడతారు. బల్బు వెలగదు.

అమ్మ అప్పటికే కూలర్ ప్లగ్గు పెట్టేసింది.

టక్. మళ్లీ చీకటి.

"అతుకు గట్లనే ఉంది గదమ్మా," చీకట్లోనే అంటాడు ఎలక్ట్రీషియన్. "పంపు మార్చాలె. పొద్దుగాల తెస్త."

"అప్పటిదాంక?"

"ఫ్యానే."