వంటయింటి శాసనము

పురుషోత్తంపూరునకు చేరువనున్న జౌగడ శిలపై అశోకుని శాసనములు కలవు. రాజు వంటశాలకై పూర్వము దినమునకు లక్షలకొలది ప్రాణులు చంపబడెడివనియు, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక లేడి మాత్రమేననియు, ఇకపై అవియు చంపబడవనియు అందు మొదటి శాసనము చెప్పుచున్నది. వంటయింటి మార్పును రాతిపై చెక్కించిన చోటిది.

ఆంగ్లేయుల స్కాచ్ ఎగ్‌నకు అట్టి సాక్ష్యము లేదు. 1738లో తామే కల్పించితిమని లండనులోని ఫోర్ట్‌నం అండ్ మేసన్ అంగడివారందురు. మొగలాయి నర్గిసీ కోఫ్తాయే మూలమని మరికొందరందురు. తగవు తేలలేదు.

ఇంట చేయుట సులభమే. ఉడికిన గ్రుడ్డు పెంకు తీసి, తడి తుడిచి, మసాలా ఖీమాతో సమముగా కప్పి, పచ్చిగ్రుడ్డు సొనలో ముంచి, రొట్టెపొడిలో దొర్లించి, నడిమి సెగపై వేయింపవలెను. మంట హెచ్చినచో పైపూత మాడి, లోని ఖీమా పచ్చిగా నిలుచును. ఖీమాకు బదులు సెనగపిండి జారులో ముంచినచో అది మన గ్రుడ్డు బోండాయే.

1936 ఏప్రిల్ 1న మన ప్రాంతము మద్రాసు రాజధానిని విడిచి ఒరిస్సాలో చేరినది. నాటినుండి మన తెలుగు ఎక్కువగా ఇంటనే నిలిచినది. అమ్మమ్మలు చెప్పు పాళ్లను, పేర్లను తెలుగున వ్రాసియుంచుదము. లేనిచో మన వంటలకును రేపు తగవే మిగులును.