టీకా పొడిచే చెయ్యి

ఊళ్లో అమ్మవారు, అంటే మశూచి, పోసిందంటే కోస్తా జిల్లాల్లో పోలేరమ్మకు మొక్కుకునేవారు, గుమ్మాలకు వేపమండలు కట్టేవారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ ఊళ్లలోకే సర్కారు టీకాలవాడు దిగితే, పిల్లల్ని దాచేసే ఇళ్లకు కొదవ ఉండేది కాదు. ఆ భయం మరీ అర్థం లేనిదేం కాదు. అప్పట్లో టీకామందు సీసాలో వచ్చేది కాదు, ఇంకో బిడ్డ జబ్బమీద వచ్చేది. టీకా పొడిచిన ఎనిమిదో రోజున పొక్కు నిండుగా ఉన్నప్పుడు దాన్ని చిదిపి, ఊరిన రసాన్ని లాన్సెట్ మొనతో తీసి తర్వాతి బిడ్డకు గీసేవారు. 1802 జూన్ 14న బొంబాయిలో మూడేళ్ల పాపకు వేసిన టీకాతో మన దేశంలో మొదలైన వరస, చేతి నుంచి చేతికి మద్రాసు దాకా అలాగే సాగింది. మానుతున్న పుండును మళ్లీ గెలికించడానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది? ఏ కులం బిడ్డ రసం ఎవరి ఒంట్లోకి ఎక్కుతోందన్న గొడవ సరేసరి.

టీకాల చరిత్ర రాసేవాళ్లు మందు కనిపెట్టినవారి పేర్లు చెప్పి ఊరుకుంటారు. ఆ మందును ఒంట్లోకి పంపే చేతికి ప్రతి తరంలోనూ కొత్తగా పాఠం చెప్పాల్సి వచ్చింది. నిజానికి కష్టమైన పని అదే.

మద్రాసు గిండీలో 1899లో మొదలైన కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆవుదూడల చర్మంమీద టీకారసాన్ని పెంచి పంపడం మొదలుపెట్టాక, ఊరూరా బిడ్డల్ని తిప్పే బాధ తప్పింది. అయితే ఎండ తగిలితే ఆ రసం చచ్చిపోయేది. అందుకే టీకాలన్నీ చలికాలపు పనిగానే ఉండేవి.

చేతి పనితనం అసలు సిసలుగా తేలింది బీసీజీతో. క్షయకు వేసే ఈ టీకాను మన దేశంలో మొదట వేసిన చోట్లలో అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె ఒకటి. ఊరి పక్కన ఆరోగ్యవరం శానటోరియం ఉండేది. డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్, ఆయన తర్వాత కొడుకు, దాన్ని నడిపారు. 1948లో పని అక్కడ మొదలైంది. మందు గిండీలో తయారయ్యేది. స్కాండినేవియా నుంచి వచ్చిన డాక్టర్లు, నర్సులు మనవాళ్లతో కలిసి తిరుగుతూ పని నేర్పారు.

నేర్పాల్సింది తక్కువేం కాదు. బీసీజీ కండలోకి పోకూడదు, చర్మం కిందికీ పోకూడదు; చర్మం పొరల మధ్యే నిలవాలి. సూదిని చర్మానికి దాదాపు ఆనించి, మొన రంధ్రం పైకి ఉండేలా గుచ్చి, 0.1 మిల్లీలీటరు ఎక్కిస్తే చర్మం తెల్లబారి, నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా పైకి లేస్తుంది. ఆ బుడిపె లేవలేదంటే సూది లోతుకు దిగినట్టే. తర్వాత చీముగడ్డ కట్టొచ్చు. టీకాకు ముందు ట్యూబర్‌క్యులిన్ పరీక్ష ఇంకో తలనొప్పి. మూడో రోజున చేతిమీద గట్టిపడిన మేరను వేలితో తడిమి మిల్లీమీటర్లలో కొలవాలి. కొలిచేవాళ్లు తెలియకుండానే 5, 10, 15 లాంటి అంకెల వైపు మొగ్గుతారు. 1959లో బెంగళూరులో పెట్టిన జాతీయ క్షయ సంస్థ జిల్లా బృందాలకు ఇలాంటివన్నీ నేర్పింది. అంతకుముందే మద్రాసులో వ్యతిరేకత కూడా లేచింది. 1955లో రాజాజీ బీసీజీకి వ్యతిరేకంగా పుస్తకమే ప్రచురించారు.

మశూచి కథ దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ పనిముట్టే మారి పని తేలికైంది. 1962లో జాతీయ నిర్మూలన కార్యక్రమం మొదలైనప్పుడు మన టీకాలవాళ్ల చేతిలో ఉన్నది రోటరీ లాన్సెట్. పళ్లున్న చిన్న బిళ్లను చర్మంమీద ఆనించి తిప్పేవారు. పిల్లలు కేకలు పెట్టేవారు, పుండ్లు పెద్దవయ్యేవి. దాని స్థానంలో వచ్చిన రెండు మొనల సూదిని వైయెత్ కంపెనీలో బెంజమిన్ రూబిన్ రూపొందించాడు. మందులో ముంచితే రెండు మొనల మధ్య ఒక్క బొట్టు నిలుస్తుంది. మణికట్టును బిడ్డ చేతికి ఆనించి, సూదిని నిటారుగా పట్టుకుని, చిన్న చుట్టులో పదిహేను పోట్లు గబగబా పొడిస్తే చాలు. కాసేపటికి నెత్తురు చుక్క జాడ కనబడితే టీకా పడినట్టు. అంతకుముందు పాతిక మందికి చాలే మందు ఇప్పుడు వందమందికి వచ్చింది. పెద్దగా చదువు లేనివాళ్లు కూడా కొద్ది నిమిషాల్లో నేర్చుకునేవారు. ముందు స్పిరిటుతో తుడవనక్కర్లేదని కూడా చెప్పారు. ఎన్నో ఏళ్లు తుడిచిన చెయ్యి ఆ అలవాటు మానుకోవడం కొత్తది నేర్చుకోవడం కన్నా కష్టమై ఉంటుంది.

1974లో దేశంలో 1,88,000 మశూచి కేసులు నమోదయ్యాయి. ఆ మరుసటి ఏడాది మే నెల తర్వాత ఒక్కటీ లేదు. మరి ఆ టీకాలవాళ్లంతా ఏమయ్యారు?

జవాబు 1973లోనే సిద్ధమైంది. మలేరియాకొకడు, మశూచికొకడు, కుటుంబ నియంత్రణకొకడు ఇంటింటికీ తిరగడం దండగని కర్తార్ సింగ్ కమిటీ తేల్చి, అందరినీ బహుళార్థ ఆరోగ్య కార్యకర్తలుగా మార్చమంది. మన పీహెచ్‌సీల్లో ఈనాటికీ వినబడే ఎంపీహెచ్ఏ అన్న మాట ఆ ఆలోచనకు దిగిన ఊడే. అన్నేళ్లూ ఒకే జబ్బును చూసిన మనిషికి రాత్రికి రాత్రి అన్ని జబ్బులూ అప్పగించారు. కాగితంమీద ఇది సుళువుగానే కనబడి ఉంటుంది. 1978లో మొదలై 1985లో సార్వత్రికమైన టీకా కార్యక్రమంలో సూదిపని మాత్రం ప్రధానంగా ఏఎన్ఎం నర్సుల చేతికొచ్చింది.

మదనపల్లెలో నేర్పిన ఆ పాత విద్య 2016లో హైదరాబాదులో మళ్లీ అక్కరకొచ్చింది. నగరం మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టిన రెండో రకం పోలియో వైరస్ బయటపడింది. చుక్కలమందులోంచి ఆ రకాన్ని ఏప్రిల్‌లోనే తీసేశారు. ఇంజెక్షన్ పోలియో మందుకేమో ప్రపంచమంతటా కొరత. దాంతో పూర్తి డోసులో ఐదో వంతు, అంటే 0.1 మిల్లీలీటరు, చర్మం పొరల మధ్య ఇవ్వాలని నిర్ణయించారు. బీసీజీ వేసిన చేతులకు ఆ బుడిపె కొత్త కాదు. కానీ బీసీజీ ఎక్కువగా పుట్టిన కొద్ది రోజుల్లోనే పడుతుంది. ఇక్కడ ఆరు వారాల పసికందు నుంచి చెయ్యి విదిలించుకుని పరిగెత్తే మూడేళ్ల పిల్లల దాకా వేయాలి. అందుకే అందరికీ మళ్లీ శిక్షణ ఇచ్చారు. జూన్ 20 నుంచి వారం రోజుల్లో 3,11,000 మందికి పైగా పిల్లలకు వేశారు. ఆ ఐదో వంతు డోసు తర్వాత దేశమంతటా ఆరో వారంలోనూ పద్నాలుగో వారంలోనూ వేసే టీకాల్లో చేరింది. 2023 జనవరిలో తొమ్మిదో నెలకు మూడో డోసు కలిపారు, ఏఎన్ఎంలకు ఇంకో శిక్షణ పడింది.