మళ్లీ గజ్జె కట్టిన రోజులు: ఓరుగల్లు పల్లెల్లో పాట బృందాల సింహావలోకనం

1990 ఫిబ్రవరి 20. హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానం. అయిదేళ్లుగా బహిరంగంగా కనిపించని విప్లవ గాయకుడు గద్దర్, తన పాటల జట్టు జన నాట్యమండలి సహచరులతో కలిసి వేదిక ఎక్కారు. రెండు లక్షల మంది వచ్చారని చెబుతారు. 1985లో, కారంచేడు మారణకాండ జరిగిన ఏడాదే, ఆయన ఇంటి మీద పోలీసు దాడి జరిగింది. అప్పుడు అజ్ఞాతంలోకి వెళ్లిన మనిషి మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఒడిశా, బీహార్ ఆదివాసీ పల్లెల్లో పాడుకుంటూ తిరిగారు. 1989 డిసెంబర్‌లో మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యాక ఆంక్షలు సడలాయి, జట్టు బయటికొచ్చింది. మూడు నెలలు తిరగకముందే, మే 5, 6 తేదీల్లో, వరంగల్‌లో రైతుకూలీ సంఘం మహాసభలు జరిగాయి. హాజరైన జనం పది లక్షలు దాటారన్న మాట ఈ ప్రాంతంలో ఇప్పటికీ వినబడుతుంది. ఈనాటి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో చాలా భాగం అప్పుడు వరంగల్ జిల్లాలోదే. బండ్ల మీద, లారీల మీద, కాలినడకన తరలి వచ్చినవాళ్లు ఈ ఊళ్లవాళ్లు.

ఆ రెండు సభలనూ రాజకీయ చరిత్రలో భాగంగా చాలామంది రాశారు. సంగీత చరిత్రలో భాగంగా చూసినవాళ్లు తక్కువ. విడిపోయిన, చెదిరిపోయిన పాటల జట్టు ఏళ్ల తర్వాత మళ్లీ జనం ముందుకొస్తే ఏమవుతుందన్నది ప్రపంచంలో ఎక్కడైనా ఆసక్తి రేపే సంగతే. అమెరికాలో ఈగల్స్ బ్యాండు 1980లో విడిపోయి 1994లో కలిసింది. ఇంగ్లండ్‌లో ఒయాసిస్ అన్నదమ్ములు 2009లో పోట్లాడుకుని విడిపోయి, 2025 జూలై 4న కార్డిఫ్‌లో మళ్లీ ఒకే వేదిక మీద నిలబడితే టికెట్ల కోసం జనం ఎగబడ్డారు. అక్కడ జట్టును విడదీసేది చాలావరకు అహం, డబ్బు, అలసట. మళ్లీ కలిపేది అభిమానుల తపన, దాని వెనకున్న వ్యాపారం. మన దగ్గర జట్లను విడదీసినవి నిషేధాలు, పార్టీ చీలికలు, చావులు. కలిపింది మాత్రం ప్రతిసారీ ఊళ్లే. ఈ మూడు జిల్లాల ఎనభై ఏళ్ల పాట చరిత్రను కాస్త దగ్గరగా చూస్తే నాకు అలాగే కనిపిస్తుంది.

పాట ఇక్కడికి ఉద్యమంతో వచ్చింది కాదు. పాలకుర్తి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు, ప్రభాత పదాలు అంటూ జనం పాడుకునే వాటి జాబితా ఇచ్చాడు. ఆ పాలకుర్తి, పోతన పుట్టిన ఊరని చెప్పుకునే బమ్మెర, రెండూ ఈనాటి జనగామ జిల్లాలోవే. పాలకుర్తి పక్కనే విసునూరు గడీ. ఆ దేశ్‌ముఖ్ దౌర్జన్యాన్ని ఎదిరించి భూమి కోసం కోర్టుకెక్కిన కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీని దొర మనుషులు చంపేశారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' నాటకానికి ప్రాణం పోసింది ఆ కథే. 1943లో కమ్యూనిస్టు పార్టీ అండతో పుట్టిన ప్రజానాట్యమండలి ఆ నాటకాన్ని ఆంధ్ర జిల్లాల్లో ఊరూరా ఆడింది. వందకు పైగా దళాలు ఒకే కాలంలో ఆ ఒక్క నాటకాన్ని ఆడాయంటే ఈరోజు నమ్మడం కష్టం. చివరికి మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. దేవరుప్పుల మండలంలోని ఒక చిన్న ఊరి రైతు చావు, కృష్ణా గుంటూరు జనాన్ని రాత్రంతా మేలుకొని కూర్చునేలా చేసింది.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య విసునూరు దొర మనుషుల తూటాకు నేలకొరిగాక పాట ఇంకా వేడెక్కింది. విసునూరు దొర మీద బండి యాదగిరి కట్టిన పాట రేడియో లేని ఊళ్లలో నోటి నుంచి నోటికి పాకింది. జనగామను ఆనుకునే ఉన్న సుద్దాలలో హనుమంతు గొల్లసుద్దుల బాణీలో, యక్షగానం బాణీలో సంఘం కథలు అల్లారు. కోస్తా దళాల బుర్రకథకూ ఈ గొల్లసుద్దులకూ తేడా ఉంది. అది శిక్షణ పొందిన జట్టు ఆట, ఇది ఊరి ఆటలోకి కొత్త మాట చొరబడటం. తర్వాత వచ్చిన జట్లు బతికి బట్టకట్టింది ఈ రెండో దారిలోనే.

1951 అక్టోబర్‌లో కమ్యూనిస్టు పార్టీ తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించింది. అదే మొదటి విడిపోవడం. ప్రజానాట్యమండలిలో పేరున్నవాళ్లు చాలామంది మద్రాసు రైలెక్కారు. గరికపాటి రాజారావు 1953లో 'పుట్టిల్లు' సినిమా తీసి జమునను తెరకు తెచ్చారు. మిక్కిలినేని, అల్లు రామలింగయ్య సినిమా నటులయ్యారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు, బతకాలి కదా. కానీ మాణిక్యాపురంలో, కడవెండిలో మద్రాసు రైలెక్కే దారి లేనివాళ్లు ఏం చేశారు? తమ కులపు కథలు చెప్పుకుంటూ ఉండిపోయారు. లింగాల ఘనపూర్ మండలం మాణిక్యాపురంలో 1935లో పుట్టిన చుక్క సత్తయ్య ఒగ్గుకథను గొల్ల కురుమల ఇంటి ముంగిట నుంచి దేశమంతా తిప్పారు. సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు, 2017 నవంబర్‌లో కన్నుమూశారు. బీరప్ప కథ, మల్లన్న కథ చెప్పే ఆ డోలు, ఆ తాళం, ఒకే మనిషి క్షణంలో తల్లిగా, మరుక్షణం రాజుగా మారిపోయే ఆ నటన ఊళ్లో చెక్కుచెదరలేదు. ఉద్యమ జట్లు మళ్లీ వచ్చినప్పుడు వాటికి కావలసిన పనిముట్లన్నీ సిద్ధంగా ఉన్నాయి.

1964లో కమ్యూనిస్టు పార్టీ చీలింది. క్రమంగా ప్రజానాట్యమండలి అనే ఒకే పేరు రెండు పార్టీల దగ్గరా వినబడింది. జట్టు చీలినా పేరును ఎవరూ వదులుకోకపోవడం రాక్ బ్యాండ్ల చరిత్రలో మామూలే. ఇక్కడ మాత్రం ఆ పేరు వెనక తెలంగాణ పోరాటం ఉంది, దాన్ని వదులుకోవడమంటే తల్లిని వదులుకున్నట్టే అనుకున్నారు. అరుణోదయ అనే మరో విప్లవ పాటల జట్టుకూ అదే జరిగింది. 1974లో మొదలైన ఆ సంస్థ తర్వాత రెండయింది: ఒకవైపు రామారావు, ఇంకోవైపు విమలక్క. పేరు మాత్రం ఇద్దరిదీ అరుణోదయే. జన నాట్యమండలి 1972లో పుట్టింది. బి. నర్సింగరావు, తూప్రాన్ నుంచి వచ్చిన గద్దర్, ఉత్తరాంధ్ర నుంచి వంగపండు ప్రసాదరావు దాన్ని నిలబెట్టారు.

ఈ మూడు జిల్లాల పటాన్ని పాటతో గీస్తే చీలికలు కూడా కనబడతాయి. జనగామ మైదానంలో ప్రజానాట్యమండలి జ్ఞాపకం లోతుగా ఉండేది. మహబూబాబాద్ వైపు బయ్యారం, కొత్తగూడ అడవి అంచుల్లో, లంబాడీ తండాల్లో, కోయ గూడేల్లో అరుణోదయ గొంతు వినబడేది. భూపాలపల్లి, గోదావరి ఒడ్డు అడవుల వైపు జన నాట్యమండలి. ఈ జట్లు ఒకరి వేదిక ఇంకొకరు ఎక్కేవి కావు. ఒకరి పాట ఇంకొకరు బహిరంగంగా పాడేవారు కాదు. జనం మాత్రం నాట్లు వేసేటప్పుడు, బీడీలు చుట్టేటప్పుడు అన్ని జట్ల పాటలూ కలిపే పాడుకున్నారు. తర్వాతి కలయికకు విత్తనం పడింది అక్కడే అని నా నమ్మకం.

1980 మార్చి 23న గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, నర్సింగరావు నిర్మాణంలో 'మా భూమి' సినిమా విడుదలయింది. పాత నాటకం పేరు, యాదగిరి పాట, ఆ పాటను తెర మీద పాడిన గద్దర్. ముప్పై ఏళ్ల కిందట చెదిరిన జట్టూ, కొత్త జట్టూ ఒకే తెర మీద కలుసుకున్నాయి. పాటను పుట్టించిన ఊళ్లు తమ పాటను టాకీసులో విని ఈలలు వేశాయి. ఈ సినిమా లేకపోతే యాదగిరి పాట పుస్తకాల్లోనే మిగిలిపోయేదేమో.

ఇక 1990. ఆ సభల్లో వేదిక మీద ఏం జరిగేదో చెప్పాలి, ఎందుకంటే గద్దర్ ఒక్కడి బొమ్మే అందరికీ గుర్తుంది: పంచె, భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు. ఆ బొమ్మ వెనక ఒక జట్టు పని ఉంది. ఆట మొదలవడానికి ముందు వేదిక పక్కన గడ్డి మంట వేసి డప్పు కాపుతారు. తోలు బిగిసేదాకా చెయ్యి ఆడిస్తూ, మధ్యమధ్య వేలితో తట్టి చూస్తూ. మంచు పడే రాత్రయితే నాలుగు పాటలకోసారి మళ్లీ మంట దగ్గరికి పరిగెత్తాలి. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతి వేళ్ల నడుమ సన్నటి చిటికెన పుల్ల. నాయకుడు ఒక చరణం పాడి ఆగి జనంతో మాటలోకి దిగుతాడు, ధరల గురించో దొర గురించో చెబుతాడు. ఆ మాట ఎంతసేపు సాగినా వెనక వంత పాడేవాళ్లు కూనిరాగం వదలకూడదు, డప్పు దరువు తప్పకూడదు. మాట ఎక్కడ పాటలోకి తిరుగుతుందో వాళ్లకు ఊపిరి పట్టు మీద తెలియాలి. బుర్రకథలో కథకుడు, వంతలు ముగ్గురూ చేసే పనినే జన నాట్యమండలి పెద్ద మైదానానికి సరిపడేలా పెంచింది. అయిదేళ్లు చెదిరి ఉన్న జట్టు ఆ పట్టును మళ్లీ దొరకబుచ్చుకోవడమే ఆ సభలు సాధించిన సంగీత విజయం.

ఆ తలుపు ఎక్కువ కాలం తెరిచి ఉండలేదు. 1992 మేలో నక్సలైటు పార్టీ పీపుల్స్‌వార్‌తో పాటు దాని అనుబంధ సంఘాల మీద నిషేధం వచ్చింది. 1997 ఏప్రిల్ 6న గద్దర్ మీద కాల్పులు జరిగాయి, ఒక తూటా చివరిదాకా వెన్నులోనే ఉండిపోయింది. 1999 మేలో భువనగిరి గాయని బెల్లి లలితను కిరాతకంగా చంపారు. పాట పాడినందుకు ఒక ఆడబిడ్డను ముక్కలు చేసిన ఆ రోజును తెలంగాణ మరిచిపోకూడదు.

అయితే 1997 డిసెంబర్‌లో వరంగల్‌లో జరిగిన తెలంగాణ సదస్సు మరో దారి తెరిచింది. 2002లో కామారెడ్డిలో రసమయి బాలకిషన్ చొరవతో ధూంధాం మొదలయింది. నా దృష్టిలో అసలైన కలయిక ఇదే. 1990లో కలిసింది ఒకే జట్టు. ధూంధాంలో వేర్వేరు పార్టీల నీడల్లో ముప్పై ఏళ్లు ఎడమొహం పెడమొహంగా పెరిగిన గొంతులు ఒకే వేదిక ఎక్కాయి. జన నాట్యమండలి నుంచి వచ్చినవాడి దరువు మీద అరుణోదయ పాట, దాని వెంట ఒగ్గు డోలు, దాని వెంట లంబాడీ ఆట, బతుకమ్మ. జనగామకు దగ్గరి రేబర్తిలో పుట్టి, పశువులు కాస్తూ పెరిగి, బడి మెట్లు ఎక్కకుండానే కవి అయిన అందెశ్రీ, పాలమూరు నుంచి గోరటి వెంకన్న, మహబూబాబాద్ నుంచి జయరాజ్, ఆదిలాబాద్ వైపు నుంచి గూడ అంజయ్య. వీళ్ల పాటలన్నీ ఒకే రాత్రి వినే అవకాశం ఊరికి దొరికింది. పాత విప్లవ గీతంలోని కాఠిన్యం పోయిందని, ఆట ఎక్కువయిందని అప్పట్లో కొందరు నొచ్చుకున్నారు. వాళ్ల బాధలో కొంత నిజముంది. కానీ ఆడవాళ్లు, పిల్లలు, ఉద్యోగులు వంత కలిపేంత చోటు పాటలో మొదటిసారి దొరికింది అప్పుడే.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఎగసిన 2009 నవంబర్ తర్వాత ఆ వేదిక రోడ్డు మీదికొచ్చింది. జనగామ రిలే దీక్షల శిబిరాల్లో, మహబూబాబాద్‌లో 2010 మే 28 రైల్వే స్టేషన్ కాల్పుల ఘటన తర్వాత, 2011 సకల జనుల సమ్మెలో భూపాలపల్లి బొగ్గుగనుల దగ్గర, వంటావార్పు పొయ్యిల పక్కన పాడని రోజు లేదు.

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం వచ్చింది. కలిపిన పని పూర్తయ్యాక జట్టు మళ్లీ తలో దారి పట్టింది. రసమయి ఎమ్మెల్యే అయ్యారు. సాంస్కృతిక సారథి పేరుతో 550 మంది కళాకారులకు ఉద్యోగాలొచ్చాయి. ఆ జీతం ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించింది, అది చిన్న సంగతి కాదు. అదే సమయంలో ప్రభుత్వ పథకాల మీద పాడటం ఉద్యోగ విధి అయింది, అడిగే పాట వాళ్ల నోట తగ్గింది. గోరటి వెంకన్న, దేశపతి శ్రీనివాస్ శాసనమండలికి వెళ్లారు. విమలక్క ఏ కొలువూ లేకుండా తన దారిన పాడుతూనే ఉన్నారు. అందెశ్రీ పాటకు పదేళ్లు ఎదురుచూపు తప్పలేదు. ప్రభుత్వం మారాక, 2024లో అది రాష్ట్ర గీతమయింది. గూడ అంజయ్య 2016లో, వంగపండు 2020లో వెళ్లిపోయారు. 2023 జూన్‌లో ముప్పై తొమ్మిదేళ్లకే ఉద్యమ గాయకుడు సాయిచంద్, ఆగస్టు 6న గద్దర్. 2025 నవంబర్ 10న అందెశ్రీ. ముందు వరుస దాదాపు ఖాళీ అయిపోయింది.

వెనక వరుస ఇంకా ఉంది. 1990లో వరంగల్ వేదిక మీద వంత పాడినవాళ్లు, డప్పు కాపినవాళ్లు, ధూంధాంలో గజ్జె కట్టినవాళ్లు ఈ మూడు జిల్లాల్లో అరవై దాటిన వయసులో కూలికో, ఆటోకో, చిన్న కొట్టుకో పోతూ బతుకుతున్నారు. పాటల పుస్తకాల్లో రాసినవాళ్ల పేర్లున్నాయి, వంత పాడినవాళ్ల పేర్లు లేవు. ఏ దరువు ఏ పాటకు ఎవరు కట్టారు, నాయకుడు మాటలోకి దిగినప్పుడు ఎవరు రాగం పట్టి నిలబెట్టారు, అరుణోదయ బాణీని జన నాట్యమండలి వాళ్లు మొదటిసారి ఏ ఊళ్లో అందుకున్నారు అన్నవి వాళ్లే చెప్పగలరు. వాళ్లను మళ్లీ ఒకచోట కూర్చోబెట్టి, డప్పు కాపి, పాడించి, పేరు పేరునా రాసి రికార్డు చేసే పనిని వరంగల్‌లోని జానపద గిరిజన విజ్ఞాన పీఠం గానీ, కాకతీయ విశ్వవిద్యాలయం గానీ, మూడు జిల్లాల్లో ఏ ఊరి యువజన సంఘం గానీ ఈ ఏడే మొదలుపెట్టవచ్చు.