వెనక్కి వాలే కుర్చీ

"వెనక్కి వాలే కరెంటు కుర్చీ ఒకటి మంచిది చూసి చెప్పరా, మీ దేశంలో అందరూ వాటి మీదే తిరుగుతారటగా" అని తెనాలి నుంచి బాబాయి ఫోన్ చేశాడు. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని రెండేళ్ళయింది ఆయనకి. కుడిచేతి వేళ్ళు కాస్త కదులుతాయి, అంతే. పిన్ని ఫోన్ లాక్కుని "మెత్తగా ఉండాలి, పాడవకూడదు. ఆ రెండూ చాలు నాయనా" అంది.

మూడు శని ఆదివారాలు కూర్చుని ఎక్సెల్ షీట్ నింపాను. నాకో జబ్బుంది లెండి, ఏదన్నా కొనాలంటే ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు చదవాలి. అలా దారి తప్పి ఈ కుర్చీల చరిత్రలో పడ్డాను. పడ్డాక గానీ తెలియలేదు, నా షీట్‌లో అసలు గడి ఒకటి లేనేలేదని.

ఈ కుర్చీ ముందు నేర్చుకున్నది వాలడం. సొంతంగా కదలడం తర్వాతి సంగతి. స్పెయిన్ రాజు రెండో ఫిలిప్‌కి గౌట్ జబ్బు. కాలు కింద పెట్టలేని ఆ ముసలి రాజు కోసం 1595లో చేసిన కుర్చీకి వెనక వీపు వాలుతుంది, ముందు కాళ్ళ పలక లేస్తుంది, కింద చిన్న చక్రాలు. ఆయన కొలువులో ఉన్న జెహాన్ లెర్మీత్ గీసిన బొమ్మ ఇప్పటికీ ఉంది. సుఖానికి లోటేం లేదు. కాకపోతే తోసేవాడు రావాలి. రాజు కాబట్టి వచ్చేవాడు. తన కుర్చీని తనే నడుపుకున్నవాడు కావాలంటే 1655 దాకా ఆగాలి. జర్మనీలో నూరెంబర్గ్ దగ్గర స్టెఫాన్ ఫార్‌ఫ్లర్ అనే గడియారాల పనివాడు, తనకి నడక లేదు గనక, చేత్తో తిప్పే మూడు చక్రాల బండి తనే చేసుకున్నాడు.

మోటారు సంగతికొస్తే అది యుద్ధం పుణ్యం. మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్నుపాము తెగినవాళ్ళు ఎక్కువమంది బతకలేదు. రెండోసారికి పెన్సిలిన్ లాంటి మందులు వచ్చి బతికారు. బతికినవాళ్ళలో చేతులు కూడా పనిచేయనివాళ్ళకి, అప్పటికి లాస్ ఏంజెలెస్‌లో ఎవరెస్ట్, జెన్నింగ్స్ అనే ఇద్దరు ఇంజినీర్లు తయారు చేస్తున్న మడత కుర్చీ ఎందుకూ కొరగాదు. కెనడా నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్‌లో జార్జ్ క్లైన్ 1950ల మొదట్లో వాళ్ళ కోసమే కూర్చుని, రెండు చక్రాలకీ విడివిడిగా మోటార్లు పెట్టి, జాయ్‌స్టిక్‌తో నడిచే కుర్చీ చేశాడు. 1956 నుంచి ఎవరెస్ట్ అండ్ జెన్నింగ్స్ కంపెనీ కరెంటు కుర్చీలు పెద్ద ఎత్తున అమ్మింది. మార్కెట్టంతా ఎంతగా దాని చేతిలోకి పోయిందంటే, 1977లో అమెరికా న్యాయశాఖ దాని మీద గుత్తాధిపత్యం కేసు వేసింది.

నన్ను ఆపేసినవాడు మాత్రం ఎడ్ రాబర్ట్స్. 1953లో పద్నాలుగేళ్ళప్పుడు పోలియో వచ్చి మెడ కింద దాదాపు అంతా పడిపోయింది. ఊపిరికి కూడా యంత్రం కావాలి. 1962లో బర్క్లీ యూనివర్సిటీలో చేరితే, ఆ ఊపిరి యంత్రం బరువుకి హాస్టల్ పనికిరాక క్యాంపస్ ఆసుపత్రిలో గది ఇచ్చారు. చేతి వేళ్ళలో బలం చాలదు కాబట్టి కరెంటు కుర్చీ నడపలేవని డాక్టర్లు తేల్చేశారు. ఈలోగా ఆయన ప్రేమలో పడ్డాడు. పిల్లతో ఎక్కడికెళ్ళినా వెనక కుర్చీ తోసే మనిషి! అప్పుడు ఆలోచించాడట: వేలు ముందుకి తొయ్యలేదు గానీ వెనక్కి లాగగలదు. జాయ్‌స్టిక్ పెట్టెని తిప్పి బిగించారు, లాగితే ముందుకి పోయేలా. ఒక్క రోజులో నడపడం వచ్చేసింది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే ఒక మైనస్ గుర్తు మార్చారు, అంతే.

కానీ అప్పటి కుర్చీలు ఆసుపత్రి వరండాల కోసం చేసినవి. బర్క్లీ వీధుల్లో, ఆ ఎత్తుపల్లాల్లో పరిగెత్తిస్తే ఊరుకుంటాయా? కుర్చీ ఆగితే మనిషి నడివీధిలో ఆగినట్టే. అందుకని 1970లో విద్యార్థులు తమ కోసం ఏర్పాటు చేసుకున్న కార్యక్రమంలో సహాయకుల్ని వెతికిపెట్టడంతో పాటు కుర్చీల రిపేరు షాపు కూడా పెట్టుకున్నారు. 1972లో మొదలైన ఇండిపెండెంట్ లివింగ్ సెంటర్‌కి ఇదే మూలం. పనికిరావని ఒకప్పుడు తనని తోసిపుచ్చిన కాలిఫోర్నియా శాఖకే రాబర్ట్స్ 1975లో డైరెక్టరయ్యాడు. 1995లో ఆయన పోయాక ఆ కుర్చీ స్మిత్‌సోనియన్ మ్యూజియం చేరింది. రెకారో కారు సీటు, మోటారుతో వాలే వీపు, ముందు హెడ్‌లైటు, వెనక ఊపిరి యంత్రానికి చోటు. ఫిలిప్ కుర్చీ పక్కన పెడితే వాలడం ఇందులోనూ ఉంది, తోసేవాడే లేడు.

వాలడం గురించి ఒక్క ముక్క చెప్పాలి, నాకూ ఇప్పుడే తెలిసింది. వీపు ఒక్కటే వాలితే ఒళ్ళు మెల్లగా కిందికి జారుతుంది. చర్మం సీటుకి అంటుకుని ఉంటే లోపల ఎముక జరుగుతుంది. స్పర్శ లేనివాళ్ళకి ఆ రాపిడే పుండవుతుంది. వంపు మారకుండా సీటు మొత్తాన్ని వెనక్కి ఒంచేదాన్ని టిల్ట్ అంటారు. బాబాయి లాంటివాళ్ళకి బరువు మార్చుకోవడానికి ముందు అది కావాలి. పిన్ని చెప్పిన మెత్తదనం ఆ తర్వాతే. ఏది ఎంత అన్నది మాత్రం ఆయన్ని చూసే థెరపిస్టు చెప్పాల్సిన మాట.

ఇక పాడవకూడదన్నది. బ్యాటరీ, మోటారు ఏవైనా కొన్నాళ్ళకి పోతాయి. పోతే ఎవరు బాగుచేస్తారన్నదే నా షీట్‌లో లేని గడి. ఇప్పటి కుర్చీల్లో జాయ్‌స్టిక్ వేగం సరిచేయాలన్నా చాలావాటికి డీలర్ దగ్గరుండే సాఫ్ట్‌వేర్ కావాలి. నా కులవృత్తి వాళ్ళ నిర్వాకం, సిగ్గుపడ్డాను. కొలరాడో రాష్ట్రం 2022లో చట్టం చేసింది, కరెంటు కుర్చీల విడిభాగాలూ మాన్యువళ్ళూ సాఫ్ట్‌వేరూ యజమానులకీ బయటి రిపేరువాళ్ళకీ ఇవ్వాలని. అమెరికాలో ఇలాంటిది అదే మొదటిది. అదే అమెరికాలో మెడికేర్ ఈనాటికీ కుర్చీ ఇంటి లోపల తిరగడానికి అవసరమా అనే చూస్తుంది. వీధి దానికి పట్టదు.

షీట్ మూసేసి బాబాయికి ఫోన్ చేశాను. "కుర్చీలో ఎక్కడికెళ్తావ్?" అని అడిగాను. రెండేళ్ళుగా నేను ఆ మాట అడగనేలేదు. కాసేపు ఊరుకుని, "సందు చివర టీ బడ్డీ దాకా. మీ పిన్ని లేకుండా" అన్నాడు గొంతు తగ్గించి.

తెనాలిలోనో, కాదంటే గుంటూరులోనో విప్పి బాగుచేయగలవాడు ఉన్న కుర్చీలే ఇప్పుడు చూస్తున్నాం. వీధి గుమ్మం ఎత్తు కొలవమంటే ఏడంగుళాలన్నారు. అంగుళానికి అడుగు లెక్కన ఏడడుగుల ర్యాంపు. మేస్త్రీ వచ్చి చూసి తులసికోట అడ్డమొస్తుందన్నాడట. కోట జరపడానికి పిన్ని ఒప్పుకుంది, మంచిరోజు చూసి. కుర్చీ ఏదన్నది ఇంకా తేలలేదు.