ఏలూరు అస్వస్థత: పర్యావరణ ఆరోగ్య పరిశోధనకు పైలట్ నిధుల ఆవశ్యకత

(ప్రత్యేక వ్యాసం)

2020 డిసెంబరు 5న ఏలూరు వన్‌టౌన్ ప్రాంతంలో పలువురు మూర్ఛ, తలనొప్పి, వాంతులతో ఉన్నట్టుండి అస్వస్థతకు గురై ఆసుపత్రిలో చేరారు. కొద్ది రోజులలోనే బాధితుల సంఖ్య 600 దాటింది. ఒకరు మరణించారు. అత్యధికులు త్వరగా కోలుకొని ఇళ్లకు చేరుకున్నారు.

కారణాన్వేషణకు అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ తదితర సంస్థల నిపుణులు రంగంలోకి దిగారు. బాధితుల రక్త నమూనాలలో సీసం, నికెల్ ఉన్నట్లు, పురుగుమందుల అవశేషాలు ఉన్నట్లు పరీక్షలు సూచించాయి. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చునని అదే నెలలో నిపుణులు అభిప్రాయపడ్డారు. అవి శరీరంలోకి ఏ మార్గాన చేరాయో తేల్చుటకు దీర్ఘకాలిక అధ్యయనం అవసరమని పేర్కొన్నారు.

ముందస్తు సమాచారం

రక్తంలో ఒక లోహం కనిపించినంత మాత్రాన అదే వ్యాధికి కారణమని నిర్ధారించలేము. ఆరోగ్యవంతులలో అది సాధారణంగా ఎంత ఉంటుందో ముందుగా తెలిసి ఉండాలి. నీరు, పాలు, కూరగాయలు, చేపల విషయంలోనూ ఇంతే. ఆపద వచ్చిన తరువాత సేకరించిన నమూనాలు ఈ లోటును పూర్తిగా తీర్చలేవు.

పైలట్ నిధుల ప్రయోజనం

పైలట్ నిధి అనగా పెద్ద పరిశోధనకు ముందు, పరిమిత కాలానికి మంజూరు చేసే స్వల్ప మొత్తం. దీనితో కొద్ది కుటుంబాలను ఎంపిక చేసి, వారి సమ్మతితో రక్త, మూత్ర నమూనాలను సేకరించవచ్చు. నమూనాలను భద్రపరచే విధానాన్ని, ప్రశ్నావళిని, ప్రయోగశాల ఫలితాల నిలకడను పరీక్షించవచ్చు. విస్తృత అధ్యయనానికి ఎందరిని పరీక్షించాలో ఈ ఫలితాల ఆధారంగా లెక్కకట్టవచ్చు. పద్ధతిలో లోపముంటే కోట్ల రూపాయలు వెచ్చించక ముందే బయటపడుతుంది.

కొల్లేరు పరీవాహకం

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు 2002లో రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు పొందింది. బుడమేరు, తమ్మిలేరులతో పాటు వరిపొలాల మురుగు కాలువలు, పట్టణాల మురుగునీరు ఇందులో కలుస్తాయి. సరస్సు నీరు ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతం చేరుతుంది. అందువలన పొలం, కాలువ, చేపల చెరువు, వంటిల్లు అనే నాలుగు దశలలోను నమూనాలు తీసుకోవాలి. పురుగుమందుల వాడకం పంటకాలాన్ని బట్టి మారుతుంది గనుక సార్వా, దాళ్వాలలో వేర్వేరుగా పరీక్షించాలి.

స్థానిక వనరులు

తాడేపల్లిగూడెంలో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, సమీపంలోని వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఏలూరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. నీటి పరీక్ష, పంటల పరిజ్ఞానం, వైద్య పరిశీలన ఒకే అధ్యయనంలో కలిసినపుడే పైలట్ నిధి సార్థకమవుతుంది. ఫలితాలను నమూనాలిచ్చిన కుటుంబాలకు తెలుగులో తెలియజేయడం కూడా అధ్యయనంలో భాగం కావాలి. మరోసారి ఇటువంటి అస్వస్థత తలెత్తితే, వైద్యులు పోల్చి చూసుకొనుటకు ఆధారం సిద్ధంగా ఉంటుంది.